తాలింపు నిఘా

మా సంస్థ బోర్డు చాలా పొడవు. “స్ఫోటక జ్వర పరిశోధన, పరిశీలన, నివారణ సంస్థ” అన్న పేరు గోడకి పట్టక, నివారణ దగ్గర్నుంచి మలుపు తిరిగి పక్క సందులోకి వెళ్లిపోయింది. రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకి పరిశోధన, పరిశీలన మాత్రమే కనిపిస్తాయి. మా డైరెక్టరు డాక్టర్ శరభేశ్వరరావు గారికి ఈ సంగతి ఒకసారి మనవి చేస్తే, “ఉన్నంతలో ముఖ్యమైనవే కనిపిస్తున్నాయి కదా తారకేశం” అన్నారు.

తారకేశం అంటే నేను. ఆఫీసు సూపరింటెండెంటుని. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నోట్ ఫైళ్లు రాస్తున్నాను. ఎంత చిన్న విషయాన్నయినా ఎవరికీ అర్థం కాకుండా రాయగలనని శాఖలో నాకు పేరుంది.

పిల్లలకి జ్వరం వచ్చి, కళ్లు ఎర్రబడి, ముక్కు కారి, ముఖం మీద మొదలై ఒళ్లంతా ఎర్రగా దద్దురు పొక్కితే దాన్ని తట్టు అంటారు; మా బోర్డు మీది స్ఫోటక జ్వరం ఇదే. కొందరు పొంగు అంటారు. పెద్దవాళ్లు అమ్మవారని చేతులు జోడిస్తారు. దానికి టీకా ఉంది. రెండు సూదులు వేయిస్తే రాదు. ఈ సంగతి ప్రపంచం ఏనాడో కనిపెట్టేయడం వల్ల మా సంస్థకి కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. మునగవలసలో పాత ధాన్యం గోదాము పక్కన మేడ మీద ఆరు గదుల్లో కూర్చుని మూడేళ్లు దాని గురించే బాధపడ్డాం. నాలుగో ఏడు రాజధాని నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఈ సంవత్సరాంతానికి ఏదైనా నూతన ఆవిష్కరణ చూపించకపోతే సంస్థని పశువుల గాలికుంటు విభాగంలో కలిపేస్తామని అందులో ఉంది. డైరెక్టరు గారు ఆ ఉత్తరం చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివారు.

సరిగ్గా ఆ సమయానికి అసిరితల్లి లోపలికి వచ్చింది. అసిరితల్లి కొండగండి ఉపకేంద్రంలో ఏఎన్ఎం. పాతికేళ్లుగా ఆ చుట్టుపక్కల అయిదు పంచాయతీల్లో పిల్లలకి సూదులు వేస్తోంది. టీకాల రిజిస్టరు మీద మా ముద్ర కోసం నెలకోసారి వస్తుంది. మా డైరెక్టరు గారు ఎవరితోనైనా మాట్లాడితే మనసు తేలిక పడుతుందనుకున్నారో ఏమో, “ఏమ్మా, ఏ ఇంట్లో తట్టు ఉందో నీకు ఎలా తెలుస్తుంది?” అని అడిగారు.

“ఏటుందండి బాబూ, వీదిలోకి ఎల్లగానే తెలిసిపోద్ది” అంది ఆవిడ, ముద్ర ఆరడానికి రిజిస్టరు మీద ఊదుతూ. “అమ్మోరొచ్చిన ఇంట్లో తాలింపు ఎయ్యరు కదండి. పొద్దున్నపూట అందరిళ్ల కాడా తాలింపు వాసనొస్తాది. ఏ ఇంటికాడ రాలేదో ఆ తలుపు కొడతాను. లోపల ఏ పిల్లకో ఒళ్లు కాల్తుంటాది.”

డైరెక్టరు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. “మళ్లీ చెప్పమ్మా” అన్నారు. ఆవిడ మళ్లీ చెప్పింది. “నువ్వు రాసుకో తారకేశం” అన్నారు. నేను రాసుకున్నాను.

ఆవిడ వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, “తలుపు కొట్టి లోపలికెల్లి సూడాలండి, అదే అసలు పని. వాసనదేటుంది” అంది. అది నేను రాసుకోలేదు. అప్పటికే కాగితం అయిపోయింది.

వారం తిరిగేసరికి ‘తాలింపు నిఘా పథకం’ పుట్టింది. ఉత్తర్వు నేనే రాశాను. “గృహములందు ప్రాతఃకాలమున వెలువడు తాలింపు సంబంధిత ఘ్రాణ సంకేతముల లేమిని వ్యాధి ఉనికికి ప్రాథమిక సూచికగా పరిగణించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది.” రాజధానిలో ఈ వాక్యం చదివి లేచి నిలబడ్డారని విన్నాను. గాలికుంటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆరుగురు ఆఘ్రాణ సహాయకుల్ని నియమించాం. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా వీధులు తిరిగి వాసన చూడడం వాళ్ల ఉద్యోగం. వాళ్లకి మూడు రోజులు శిక్షణ ఇచ్చాం. మొదటి రోజంతా తాలింపు అంటే ఏమిటన్న నిర్వచనం దగ్గరే గడిచింది. ఇంగువ వేస్తేనే తాలింపని ఒకరు, వెల్లుల్లి లేనిది తాలింపే కాదని ఒకరు పట్టుబట్టారు. ఉపసంఘం వేశాం. ఆవాలు అర చెంచా, జీలకర్ర పావు చెంచా, ఎండుమిర్చి ఒకటి, కరివేపాకు ఒక రెబ్బ, ఇంగువా వెల్లుల్లీ స్థానిక ఆచారాన్ని బట్టి అని ఉపసంఘం తేల్చింది. దీన్ని ప్రామాణిక తాలింపు అన్నాం. రోజూ ఉద్యోగంలోకి దిగే ముందు ఆరు ముక్కులూ దీనితో సరిచూసుకోవాలి. ప్రామాణిక నమూనాలు చల్లగా ఉండాలి కాబట్టి ఆసుపత్రిలోని టీకాల ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేయించి అక్కడ పెట్టాం. దాంతో ఫ్రిజ్ తాళంచెవి కూడా మా ఆఫీసుకి వచ్చింది.

ముక్కు దిబ్బడ వేసిన రోజున సహాయకులకి సెలవు లేదు. ఆ రోజు వాళ్లకి ఏ ఇంటి వాసనా తగలదు కాబట్టి కేసులు బాగా దొరికేవి.

పరిశోధన అన్నాక కొన్ని కట్టుబాట్లుంటాయి. ఒకపక్క టీకాలు వేస్తూ పోతే జబ్బు తన సహజ రీతిలో నడవదు కదా. జబ్బు నడవకపోతే నిఘా దేని మీద? అందువల్ల కొండగండి పరిధిలోని అయిదు పంచాయతీల్లో అధ్యయనం ముగిసేదాకా తట్టు టీకా నిలిపి ఉంచాలని మరో ఉత్తర్వు రాశాను. అది తీసుకుని అసిరితల్లి నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఇదేటండి బాబూ?”

“అధ్యయనం అమ్మా.”

“పిల్లలకి సూదులెయ్యొద్దని రాసున్నాది.”

“వెయ్యొద్దని లేదమ్మా. నిలిపి ఉంచమని ఉంది.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. నేను ఫైలులోకి చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో నేర్చుకున్న చూపు అది. ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నిఘా మొదలైన వారంలోనే ఫలితాలు పోటెత్తాయి. తాలింపు వాసన రాని ఇంటి తలుపుకి ఎర్ర గుడ్డ కట్టి, పద్నాలుగు రోజులు గడప దాటవద్దని నోటీసు అంటించాలి. మొదటి గుడ్డ హోటల్లో తినే నలుగురు బ్రహ్మచారి గుమాస్తాల గదికి పడింది. రెండోది రక్తపోటు వల్ల నూనె మానేసిన రిటైర్డు డ్రాయింగు మాస్టారికి. మూడోది భార్య అలిగి పుట్టింటికి వెళ్లిన ఒక కాంట్రాక్టరుకి. ఆవిడ కోపం తగ్గి తిరిగి వచ్చింది గాని, ఎర్ర గుడ్డ ఉన్న ఇంట్లోకి బయటివాళ్లు వెళ్లకూడదని సహాయకుడు గుమ్మంలోనే ఆపేశాడు. ఆ కాపురం పద్నాలుగు రోజులు కిటికీలోంచి సాగింది. ఒక్క ఇంట్లోనూ ఎవరికీ దద్దురు లేదు. తలుపు కొట్టి లోపలికి వెళ్లి చూసే అధికారం ఆఘ్రాణ సహాయకులకి ఇవ్వలేదు. ఇస్తే అది మరో పథకం అవుతుంది.

ఆ పై వారం గ్యాసు బండ్ల లారీ ఘాట్ రోడ్డులో ఆగిపోయింది. ఒక్క ఉదయాన రెండు వందల పన్నెండు ఇళ్లలో తాలింపు వాసన లేదు. డైరెక్టరు గారు రాజధానికి ఫోను చేసి, “మహమ్మారి సార్. మా దగ్గరున్న గుడ్డ చాలడం లేదు” అన్నారు. ఆ గొంతులో బాధ ఉందనలేను.

జనం మాత్రం మేం అనుకున్నంత అమాయకులు కారు. సహాయకుడు వీధి మొదట్లో కనిపించగానే కాస్త నూనె కాచి గుప్పెడు ఆవాలు పడేయడం నేర్చుకున్నారు. కూర ఉన్నా లేకపోయినా తాలింపు ఉండేది. వీధివీధంతా చిటపటలు. డ్రాయింగు మాస్టారు అరుగు మీద కుంపటి పెట్టుకుని, చేతిలో తాలింపు గరిటెతో సహాయకుడి రాక కోసం ఎదురుచూసేవారు. గీత పటంలో కేసులు జారిపోతూ వచ్చాయి. డైరెక్టరు గారికి మొదట దిగులు వేసింది. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. తాలింపు లేకపోవడం జబ్బు ఉందనడానికి గుర్తయితే, తాలింపు ఉండడం జబ్బు లేదనడానికి గుర్తు కావాలి. అలాంటప్పుడు అందరిచేతా తాలింపు వేయిస్తే జిల్లాలో తట్టు ఉండదు.

“ప్రతి గృహస్థుడును ఉదయం తొమ్మిది గంటలలోపు విధిగా తాలింపు వేయవలెను” అని ఉత్తర్వు రాశాను. పదిహేను రోజుల్లో కేసులు సున్నాకి చేరాయి. మునగవలస ప్రాంతాన్ని తట్టు రహిత మండలంగా ప్రకటించారు. సభ జరిగింది, శాలువాలు కప్పారు. డైరెక్టరు గారు ఆ సున్నాని చట్రం కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించారు.

ఆ సున్నాకి ఒకే ఒక్క మచ్చ మిగిలింది. ఊరి అవతల గెడ్డ ఒడ్డున ఇటుకల బట్టీ. సరిహద్దు దాటి ఒడిశా నుంచి పనికి వచ్చిన పద్దెనిమిది కుటుంబాలు అక్కడ గుడిసెల్లో ఉంటాయి. నలభై ముగ్గురు పిల్లలు. వాళ్లు పొద్దున్నే చద్దన్నంలోకి ఉల్లిపాయ నంచుకుని తిని మట్టి తొక్కడానికి దిగిపోతారు. ఆ సమయంలో అక్కడ పొయ్యే వెలిగించరు, తాలింపు ఎక్కడినుంచి వస్తుంది? మా రికార్డులో ఆ బట్టీ పేరు ‘మొండి కేంద్రం’.

అసిరితల్లి మాత్రం ఆ పిల్లల పేర్లు రిజిస్టరులో రాసుకుని నెలకోసారి వచ్చి నన్ను అడిగేది. “ఆ పిల్లల్లో ఒక్కళ్లకి కూడా ఒక్క సూదీ పడలేదండి. ఊళ్లూళ్లు తిరిగే బతుకులు. ఇక్కడున్నన్నాళ్లయినా ఏసీమంటారేటి?”

“అధ్యయనం అమ్మా” అనేవాణ్ణి.

ఆ మార్చిలో ఒక సోమవారం ఉదయం డైరెక్టరు గారు బట్టీలో తాలింపు చైతన్య సభ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చి నెల్లాళ్లుగా ఇక్కడే ఉన్న తమ అమ్మాయి కూతురు నైనికని కూడా జీపులో తీసుకొచ్చారు. నాలుగేళ్ల పిల్ల, గలగలా మాట్లాడుతుంది. వాళ్ల తాతగారు తట్టు లేదని ప్రకటించిన ఊరు కాబట్టి ఆ పిల్లకి పెండింగులో ఉన్న సూది గురించి ఇంట్లో ఎవరూ తొందరపడలేదు. పది గంటలకి సభ మొదలైంది. పెద్ద బాణలిలో ప్రామాణిక తాలింపు వేసి చూపించాం. నైనిక చేత పిల్లలకి ఆవాల పొట్లాలు పంచిపెట్టించాం. ఆ తర్వాత పిల్లలంతా కలిసి ఇటుకల వరసల మధ్య దాగుడుమూతలు ఆడుకున్నారు. నైనిక దగ్గుతూ, ముక్కు తుడుచుకుంటూ ఆడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “తాలింపు ఘాటు” అన్నారు డైరెక్టరు గారు గర్వంగా. నేనూ అవునన్నాను.

బుధవారం ఆఫీసర్ల వీధిలో వాసన చూసే వంతు నాకు పడింది. అక్కడ మామూలు సహాయకులు తిరిగితే మర్యాద కాదని ఆ వీధి వరకు నేనే చూస్తాను. అందరిళ్ల దగ్గరా ఆవాలు చిటపటమంటున్నాయి. డైరెక్టరు గారి ఇంటి ముందు ఆగాను. ఏ వాసనా లేదు. ముక్కు చీది మళ్లీ చూశాను. లేదు. తలెత్తి చూస్తే గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

లోపల నుంచి డైరెక్టరు గారి తల్లి సుభద్రాంబ గారి గొంతు వినిపించింది. “నీ ఉత్తర్వు నీ ఆఫీసులో పెట్టుకోరా. పిల్లకి ఒళ్లంతా అమ్మవారు పోసుంటే నేను పోపు పెట్టనా? చేతులు విరిగిపోతాయి.”

డైరెక్టరు గారు బనీనుతో బయటికి వచ్చారు. నన్ను చూసి వెనక్కి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చారు.

“తారకేశం, నీకు వాసన వచ్చింది కదూ?”

“రాలేదండి.”

“నిబంధన ప్రకారం ఏం చెయ్యాలి?”

“ఎర్ర గుడ్డ కట్టాలండి. రాజధానికి తంతి ఇవ్వాలి. సున్నా తీసేసి ఒకటి వెయ్యాలి.”

ఆయన అరుగు మీద కూలబడ్డారు. మనవరాలి జ్వరం ఒకపక్క, గోడ మీద సున్నా ఒకపక్క. ఆయన్ని చూస్తే నాకు నిజంగానే జాలి వేసింది. కాసేపటికి తేరుకుని, “ఇంట్లో వెయ్యాలని ఎక్కడుంది? గృహస్థుడు వెయ్యాలని కదా నువ్వు రాసింది” అన్నారు. నా డ్రాఫ్టులో అంత చోటు ఉందని నాకే తెలియదు.

జీపు తెప్పించి గేటు బయట నిలబెట్టి, బానెట్టు మీద గ్యాసు పొయ్యి పెట్టి, గృహస్థుడు స్వయంగా గరిటె పట్టుకున్నారు. నేను గాలి ఇంటివైపు తిరగకుండా ఫైలు అడ్డం పెట్టాను. నూనె కాగింది, ఆవాలు పడ్డాయి. మొదటి చిటపట వినిపించిందో లేదో మేడ మీద నుంచి ఒక బిందెడు నీళ్లు వచ్చి పడ్డాయి. పొయ్యి ఆరిపోయింది. సుభద్రాంబ గారికి ఎనభై రెండేళ్లు గాని గురి తప్పలేదు.

మేమిద్దరం తడిసి నిలబడి ఉండగా అసిరితల్లి సైకిలు దిగింది. ఆ వేళ ఆ వీధికి ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఆవిడ గేటు దగ్గర ఒక్క క్షణం గాలి పీల్చి, మమ్మల్ని దాటుకుని వెళ్లి తలుపు కొట్టింది. లోపల పిల్ల చెవుల వెనక, బుగ్గల లోపల చూసింది. నాలిక మీద విటమిన్ చుక్కలు వేసింది. “భయం లేదమ్మా. నీళ్లూ మజ్జిగా పడతా ఉండండి. ఊపిరాడకపోయినా, పిల్ల మగతగా పడున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెల్లిపోవాల” అని డైరెక్టరు గారి అమ్మాయికి చెప్పింది. తర్వాత వరండాలోకి వచ్చి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

“బాబూ, ఈ పిల్ల సోమారం బట్టీకి ఎల్లింది కదేటండి?”

“వెళ్లింది” అన్నాను.

“ఎన్ని గంటలకి?”

“పదింటికి.”

ఆవిడ ముఖం మారిపోయింది. “అయితే రేపు పది గంటలదాకే టైమున్నాది. తట్టు పిల్లతో ఆడిన మూడు రోజుల్లోపల సూదేస్తే చాలామందికి ఆగిపోద్దండి. ఆ తరవాతేసినా ఈ గండానికి పనికిరాదు. నలబై ముగ్గురండి. వాళ్లలో సగం మంది ఎముకల గూళ్లు. ఈళ్ల పాపలాగ తట్టుకోలేరు.”

ఆవాల పొట్లాలు పంచడానికి పిల్లల్ని వరసలో దగ్గర దగ్గరగా నిలబెట్టింది నేనే.

ఆఫీసుకి వచ్చాం. తడి చొక్కాతోనే మొదటి నోటు రాశాను. బట్టీ పిల్లలకి తట్టు సోకే ప్రమాదం ఉన్నందున టీకాలు విడుదల చేయాలని. డైరెక్టరు గారు చదివి, “తట్టు రహిత మండలంలో తట్టు సోకడం ఎలా సంభవం? వైరుధ్యం ఉంది” అని తిప్పి పంపారు. రెండో నోటులో ముందుజాగ్రత్తగా అని రాశాను. “లేనిదాని నుంచి జాగ్రత్త ఏమిటి? ఆడిట్‌లో అడుగుతారు” అన్నారు. ఆయన కుర్చీ వెనక సున్నా మెరుస్తోంది. ఆయన చెయ్యి మాత్రం మాటిమాటికీ ఫోను మీదికి వెళ్తోంది, ఇంటికి చేసి పిల్లకి జ్వరం ఎంతుందో కనుక్కోవడానికి.

నేను నా బల్ల దగ్గరికి తిరిగి వచ్చాను. అసిరితల్లి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

“ఒప్పుకోలేదేటండి?”

“లేదమ్మా.”

“మీకు రాయడం బాగా వచ్చంటారు కదండి అందరూ” అంది ఆవిడ. ఎత్తిపొడవలేదు. నిజంగానే అంది. అందుకే నాకు సిగ్గేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నా రాతతో ఎన్ని పనులు ఆపానో లెక్కలేదు. ఒక్కటి జరిపిద్దామంటే చేతకావడం లేదు.

కలం మూత తీశాను. మూడో నోటు ఇలా వచ్చింది.

“తాలింపు నిఘా యొక్క శాస్త్రీయ ప్రామాణ్యమును నిలబెట్టుటకు, తాలింపు వాసన లేకయు వ్యాధి కూడ లేనట్టి గృహములతో పోల్చి చూడవలసిన ఆవశ్యకత కలదు. అట్టి పోలిక లేనిచో ఈ మహత్తర ఆవిష్కరణను పరాయి దేశములవారు ప్రశ్నించు అవకాశమున్నది. తాలింపు బొత్తిగా లేని ఏకైక స్థలము ఇటుకల బట్టీ. అచ్చట వ్యాధి లేకుండుట యాదృచ్ఛికముగా గాక నిర్ధారితముగా ఉండవలెను గనుక, నలభై ముగ్గురు బాలబాలికలను ‘నిరామయ సమూహము’గా నిర్మించుటకు అవసరమగు పరిశోధన సామగ్రి (తొమ్మిది సీసాలు, సూదులతో సహా) రేపు ఉదయం ఏడు గంటలకు విడుదల చేయనగును.”

డైరెక్టరు గారు నోటు ఒకసారి చదివారు. నావైపు చూశారు. రెండోసారి నెమ్మదిగా చదివారు.

“ఇందులో తట్టు అన్న మాట ఎక్కడా లేదు కదా?”

“లేదండి.”

“టీకా అన్న మాట?”

“లేదండి.”

“అయితే చాలా శాస్త్రీయంగా ఉంది” అన్నారు. సంతకం పెట్టారు. ఆయనకి అర్థమైందో లేదో నేను అడగలేదు. ఫ్రిజ్ తాళంచెవి మాత్రం అడగకుండానే సొరుగులోంచి తీసి ఇచ్చారు.

గురువారం ఏడింటికి అసిరితల్లి, నేను మంచు పెట్టెతో బట్టీకి వెళ్లాం. మట్టి తొక్కుతున్న తల్లులు కాళ్లు కడుక్కోకుండానే వచ్చారు. సుకాంతి అనే ఆవిడ చంకలో ఏడాది పిల్లతో ముందుకొచ్చి, మంచు పెట్టెవైపు అనుమానంగా చూసింది. “మళ్లీ ఆవాలా బాబూ?” అని వచ్చీరాని తెలుగులో అడిగింది.

“ఆవాలు కాదమ్మా” అన్నాను. “సూది.”

“అలగయితే ఏయించండి” అని పిల్ల చెయ్యి చాపింది.

అసిరితల్లి ఒక్కో సీసాలో మందు కలిపి, అయిదుగురికి వేసి, మరో సీసా తీసేది. నేను పేర్లు పిలిచి రిజిస్టరులో టిక్కు పెట్టాను. నా సర్వీసులో ఒక కాగితం మీద ఉన్న పని నా కళ్ల ముందు జరగడం అదే మొదటిసారి. ఆ పసిపిల్ల సూది పడగానే ఏడుపు లంకించుకుని నా చూపుడువేలు గట్టిగా పట్టుకుంది. అది వదిలేదాకా నేను టిక్కు పెట్టలేకపోయాను, పెట్టాలని కూడా అనిపించలేదు. నలభై మూడో పిల్లాడికి సూది పడేసరికి తొమ్మిదీ నలభై. రెండు మోతాదులు మిగిలాయి. కట్టెలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకావిడ పిల్లలిద్దరికీ అవి పడ్డాయి.

నైనిక వారం రోజుల్లో లేచి తిరిగింది. బట్టీలో ఒక్కరికీ తట్టు రాలేదు. ఆ మూడు వారాలూ అసిరితల్లి రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లి ఒక్కో పిల్ల ఒళ్లు తడిమి చూసేది. నేను ఆఫీసులో ఏ ఫైలూ ముట్టుకోకుండా ఆవిడ ఫోను కోసం కూర్చునేవాణ్ణి. ఇరవై ఒకటో రోజున, “అందరూ బాగున్నారండి బాబూ, ఇక బువ్వ తినండి” అని చెప్పింది. ఆ రోజు తృప్తిగా తిన్నాను.

సంవత్సరాంతపు నివేదికలో డైరెక్టరు గారు ఈ ఫలితాన్ని వివరించారు. సోమవారం బట్టీలో వేసిన ఒకే ఒక్క ప్రామాణిక తాలింపు ప్రభావం నలభై ముగ్గురు పిల్లల మీద ఇరవై ఒక్క రోజుల పాటు నిలిచిందని రాశారు. గురువారం జరిగినదాన్ని అనుబంధంలో ‘ఇతర కార్యక్రమాలు’ కింద చూపించారు. సంస్థ గడువు అయిదేళ్లు పొడిగించారు. మిగిలిన రెండు మోతాదులకి సంజాయిషీ కోరుతూ నాకో మెమో వచ్చింది. “నిరామయ సమూహమునకు సహజ విస్తరణ” అని జవాబు రాశాను. అది చదివిన పై అధికారి ముగ్ధుడై, ఆ విస్తరణ ఇకముందు క్రమం తప్పకుండా జరపాలని ఉత్తర్వు ఇచ్చాడు.

ఆ ఉత్తర్వుని అసిరితల్లికి చూపించాను. ఆవిడ చదివి, “దీని అర్థమేటండి?” అంది.

“నీ ఇష్టం వచ్చినంతమందికి సూదులు వెయ్యమని అర్థం.”

“మరదే రాయొచ్చు కదేటండి?”

“అలా రాస్తే ఆగిపోతుందమ్మా.”

ఆవిడ అలాంటి కాగితాలు ఒక వంద ఇమ్మంది. నేను నమూనా దరఖాస్తు అచ్చు వేయించాను. పిల్ల పేరు రాసుకునే చోటొక్కటే ఖాళీ ఉంటుంది. మిగతా అంతా నా భాషే. ఒక ఏడాదిలో అయిదు పంచాయతీలు, రెండో ఏడాది మండలం, మూడో ఏడాదికి జిల్లా. అసిరితల్లిని చూసి మిగతా ఏఎన్ఎంలు కూడా ఆ దరఖాస్తులు పట్టుకెళ్లారు. ఇప్పుడు జిల్లాలో పిల్లలందరూ నిరామయ సమూహంలోనే ఉన్నారు.

పోయిన వారం డైరెక్టరు గారు దిగులుగా నన్ను పిలిచారు. ఆఘ్రాణ సహాయకులు నెలల తరబడి ఏ ఇంటి ముందు నిలబడ్డా ఒకటే వాసన. ఎర్ర గుడ్డల బేలు చెదలు పట్టింది. పోల్చి చూసుకోవడానికి ఉన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు గాని, ఎవరితో పోల్చాలో ఆ ఒక్కరూ దొరకడం లేదు.

“ఈ తట్టు అసలు ఎక్కడికి పోయింది తారకేశం?”

“తెలియదండి.”

“కనుక్కోవాలి. కమిటీ వేద్దాం. అనుభవం ఉన్నవాళ్లెవరైనా ఉంటే రాయి.”

అసిరితల్లి పేరు మొదట రాసి, సంతకం కోసం కాగితం కొండగండి తీసుకెళ్లాను. ఉపకేంద్రం అరుగు మీద పిల్లల తల్లులు వరసగా కూర్చున్నారు. ఆవిడ మంచు పెట్టె మూత తీస్తూ కాగితం వైపు ఓరగా చూసింది.

“వస్తానండి. కానీ మీటింగు సాయంత్రం నాలుగు తరవాత పెట్టించండి బాబూ. పగలు సూదుల పనున్నాది” అంది.